పాఠం 17: శిక్షణార్థి – కంప్యూటరు: నియమాలు, వాటి వెనుక కారణాలు

17.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

● సైనిక అకాడమీలో మొదటి సంవత్సరం శిక్షణార్థులకు కంప్యూటరు వాడకంపై కట్టుబాట్లు ఎందుకు ఉంటాయో వివరించగలుగుతారు;
● ఒక్కొక్క నియమం ఏ ప్రమాదాన్ని ఆపడానికి ఏర్పడిందో ఉదాహరణతో చెప్పగలుగుతారు;
● ఈ విషయంలో మన చట్టాలు ఏమంటున్నాయో గుర్తించగలుగుతారు;
● సైనికుని ఇంటివారు పాటించవలసిన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

17.1 ప్రస్తావన

గత పాఠంలో కంప్యూటరు భాగాలను, ఇంటర్నెట్ పనిచేసే తీరును తెలుసుకున్నారు. ఈ పాఠంలో కంప్యూటరును ఎలా వాడకూడదో తెలుసుకుందాం.

మీ ఇంట్లోనో, మీ వాడలోనో ఒక యువకుడు లేక యువతి సైన్యంలో అధికారి కావాలని కోరుకుంటూ ఉండవచ్చు. మన దేశంలో ఈ శిక్షణ ఇచ్చే అకాడమీలు అండమాన్ నికోబార్ దీవులలో లేవు. జాతీయ రక్షణ అకాడమీ పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్నది. భారత సైనిక అకాడమీ దెహ్రాదూన్‌లో, నౌకాదళ అకాడమీ కేరళలోని ఎళిమలలో, వాయుసేన అకాడమీ హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో ఉన్నాయి. దీవుల పిల్లలు సముద్రం దాటి అక్కడికి వెళ్లి చదువుకోవాలి.

అలా వెళ్లినవారికి అకాడమీ మొదట నేర్పేవాటిలో కంప్యూటరు క్రమశిక్షణ ఒకటి. ఏ యంత్రాన్ని ముట్టుకోవచ్చు, దేనిని ముట్టుకోకూడదు, ఎవరితో ఏమి పంచుకోవచ్చు అన్నవి వ్రాతపూర్వకంగా చెబుతారు. నియమాల వివరాలు ఒక్కొక్క అకాడమీలో ఒక్కొక్క విధంగా ఉంటాయి. అక్కడి ఉత్తర్వే అక్కడ ప్రమాణం. కాని వాటి వెనుక ఉన్న కారణాలు అన్నిచోట్లా ఒక్కటే. ఆ కారణాలే ఈ పాఠంలోని ముఖ్య విషయం.

17.2 ఈ దీవులకు దీనితో సంబంధం ఏమిటి?

మీరు నివసించే దీవులు దేశ రక్షణలో కీలకమైనవి. గ్రేట్ నికోబార్ దక్షిణ కొన మలక్కా జలసంధి వైపు వెళ్లే ఓడల దారికి సమీపంలో ఉన్నది. అందుకే 2001లో ఇక్కడ అండమాన్ నికోబార్ కమాండ్ ఏర్పడింది. సైన్యం, నౌకాదళం, వాయుసేన ఒకే అధికారి క్రింద పనిచేసే ఏర్పాటు దేశంలో ఇదే మొదటిది. క్యాంప్‌బెల్ బేలో ఐఎన్ఎస్ బాజ్ 2012లో, ఉత్తర అండమాన్‌లోని శిబ్‌పూర్‌లో ఐఎన్ఎస్ కోహస్సా 2019లో ప్రారంభమయ్యాయి. కార్ నికోబార్‌లో వాయుసేన స్థావరం ఉన్నది.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో మీరు విమానం ఎక్కే విమానాశ్రయం కూడా నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ ఉత్క్రోష్‌ను ఆనుకొని ఉన్నదే. మనకు అది ప్రయాణం చేసే చోటు. నౌకాదళానికి అది స్థావరం. దీవులలో ఇంటికీ, స్థావరానికీ మధ్య దూరం చాలా తక్కువని దీనివల్ల తెలుస్తున్నది.

రెండవ మార్పు ఇంటర్నెట్ వల్ల వచ్చింది. చాలా కాలం ఇక్కడి సమాచార సంబంధాలు ఉపగ్రహాల మీద ఆధారపడేవి. వేగం తక్కువ, ఖర్చు ఎక్కువ. చెన్నై నుండి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ మొదలైన దీవులకు అది చేరింది. ఒకప్పుడు ఒక ఫొటో పంపడానికి గంటసేపు కష్టపడినవారు ఇప్పుడు వీడియోలే పంపుతున్నారు. మంచిదే. కాని పంపకూడనిది కూడా అంతే వేగంగా వెళ్లిపోతుందని మరవకండి.

17.3 విశాఖపట్నం నేర్పిన పాఠం

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వారిలో చాలామందికి విశాఖపట్నం ఓడ ఎక్కే రేవు, బంధువుల ఊరు. నౌకాదళపు తూర్పు కమాండ్ ముఖ్య కార్యాలయం కూడా ఆ ఊరిలోనే ఉన్నది.

2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం, కేంద్ర నిఘా సంస్థలతోనూ, నౌకాదళ నిఘా విభాగంతోనూ కలిసి ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేసింది. వారితోపాటు ఒక హవాలా వ్యాపారి కూడా పట్టుబడ్డాడు. విశాఖ రేవు దగ్గరి కొండ పేరు మీద ఈ చర్యకు ‘డాల్ఫిన్స్ నోస్’ అని పేరు పెట్టారు. అరెస్టయినవారు కొలువులో చేరి కొద్ది సంవత్సరాలే అయిన యువకులు. ఫేస్‌బుక్‌లో స్త్రీల పేర్లతో ఉన్న ఖాతాల ద్వారా వారికి స్నేహాలు ఏర్పడ్డాయని, ఆ తరువాత ఓడల, జలాంతర్గాముల కదలికల వివరాలు పాకిస్తాన్‌కు చేరాయని దర్యాప్తు సంస్థల అభియోగం. కేసు తరువాత జాతీయ దర్యాప్తు సంస్థకు వెళ్లింది.

అదే డిసెంబరు నెలాఖరున నౌకాదళం తన స్థావరాలలోనూ, ఓడలలోనూ స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్ వంటి మాధ్యమాలను నిషేధించింది. 2020లో సైన్యం కూడా 89 యాప్‌లను ఫోన్ల నుండి తొలగించవలసిందని తన వారిని ఆదేశించింది.

ఈ ఉదంతంలో మీరు రెండు విషయాలు గమనించాలి.

మొదటిది: శత్రువు పెద్ద అధికారి కోసమే వెతకడు. అనుభవం లేనివాడిని, ఇంటికి దూరంగా ఒంటరిగా ఉన్నవాడిని వెతుకుతాడు. మొదటి సంవత్సరం శిక్షణార్థి సరిగ్గా అటువంటివాడే.

రెండవది: ఇటువంటి వలలో ఎవరూ మొదటి రోజే రహస్యం అడగరు. పలకరింపుతో మొదలవుతుంది. ఒక చిన్న విషయం చెప్పించుకుంటారు. ఆ చిన్న విషయాన్నే చూపించి బెదిరిస్తారు. పెద్ద విషయం అడుగుతారు. కాబట్టి మనిషిని నిలువునా ముంచేది మొదటి చిన్న పొరపాటు కన్నా, దానిని దాచిపెట్టడమే.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 17.1

1. అండమాన్ నికోబార్ కమాండ్ ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ ఎప్పుడు ప్రారంభమైంది?
3. విశాఖపట్నం ఉదంతం తరువాత నౌకాదళం ఏమి నిషేధించింది?

17.4 నియమాలు – కారణాలు

సైనిక శిక్షణాలయాలలో సాధారణంగా కనిపించే కంప్యూటరు నియమాలను ఏడింటిగా చెప్పుకోవచ్చు. ప్రతి నియమం క్రింద దాని కారణాన్ని చదవండి.

నియమం 1: మీ పాస్‌వర్డ్ మీది మాత్రమే.

కంప్యూటరులో జరిగే ప్రతి పనీ ఎవరి పేరు మీద జరిగిందో నమోదవుతుంది. పాస్‌వర్డ్ ఇస్తే మీ పేరును ఇచ్చినట్లే. తోటివాడు చేసిన పనికి మీరు జవాబు చెప్పాలి.

ఇక్కడ కొత్తవారికి ఒక చిక్కు వస్తుంది. అకాడమీలో మొదట నేర్పేది పెద్దల మాట వినడం. మరి పై తరగతి విద్యార్థి పాస్‌వర్డ్ అడిగితే? ఇవ్వకూడదు. వ్రాతపూర్వకమైన నియమం అడిగినవానికీ, అడిగించుకున్నవానికీ సమానమే. “మన్నించండి సార్, ఉత్తర్వు ప్రకారం ఇవ్వకూడదు” అనడం ఎదురుతిరగడం కాదు. భయపడేవానికి కాదనే బలం ఇచ్చేది ఆ నియమమే.

పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలి. ఎందుకో లెక్క వేసి చూడండి. నాలుగు అంకెలతో 10,000 సంఖ్యలే వస్తాయి. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలతో సుమారు 20,882 కోట్ల కూర్పులు వస్తాయి. ఇంకొక నాలుగు అక్షరాలు చేర్చితే అవి మరో 4 లక్షల 56 వేల రెట్లకు పైగా పెరుగుతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో కలిపి వ్రాస్తే పొడవూ ఉంటుంది, గుర్తూ ఉంటుంది. ఇంటిపేరు, పుట్టిన తేది, ఊరి పేరు మాత్రం వాడవద్దు.

నియమం 2: బయటి పెన్‌డ్రైవ్ పెట్టరాదు.

2008లో మధ్యప్రాచ్యంలోని ఒక అమెరికా సైనిక స్థావరంలో ఎవరో ఒక పెన్‌డ్రైవ్‌ను లాప్‌టాప్‌కు తగిలించారు. అందులోని హానికర ప్రోగ్రాము రహస్య నెట్‌వర్కులలోకి కూడా ప్రాకింది. దానిని శుభ్రం చేయడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ సంవత్సరం నవంబరులో అమెరికా రక్షణ శాఖ పెన్‌డ్రైవ్‌ల వాడకాన్నే కొంతకాలం నిషేధించింది. అంత పెద్ద సైన్యాన్ని ఇబ్బంది పెట్టింది బొటనవేలంత వస్తువు. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌లో ఏముందో చూద్దామని అనిపించడం సహజం. ఆ కుతూహలమే శత్రువుకు కావలసింది.

నియమం 3: లోపలి నెట్‌వర్కును, బయటి ఇంటర్నెట్‌ను కలపరాదు.

సైన్యం తన పనికి వేరే నెట్‌వర్కు ఏర్పరచుకుంటుంది. ఉదాహరణకు మన వాయుసేన తన సొంత నెట్‌వర్కు ‘ఎఎఫ్‌నెట్’ను 2010 సెప్టెంబరు 14న ప్రారంభించింది. ఇది తాగునీటి బావి వంటిది. మురుగు కాలువకూ దానికీ మధ్య గట్టు ఉన్నంతవరకే నీరు మంచిది. లోపలి కంప్యూటరుకు సొంత ఫోను తగిలించి ఇంటర్నెట్ తెచ్చుకోవడం ఆ గట్టుకు గండి కొట్టడమే. చార్జింగ్ కోసం మాత్రమే తగిలించినా తప్పే. ఆ తీగ గుండా విద్యుత్తే కాక సమాచారం కూడా వెళ్లగలదు.

నియమం 4: ఫొటో, చోటు, సమయం – ఈ మూడూ బయట పెట్టరాదు.

స్ట్రావా అనే యాప్ పరుగెత్తేవారి దారిని నమోదు చేస్తుంది. ఆ సంస్థ 2017 నవంబరులో ప్రపంచమంతటా తన వాడుకదారులు పరుగెత్తిన దారులను ఒకే పటంగా ప్రకటించింది. ఎవరి పేరూ అందులో లేదు. అయినా 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియా విద్యార్థి ఒక విషయం గమనించాడు. ఎడారి మధ్యలో, ఊరే లేని చోట్ల, వెలుగు గీతలు కనిపిస్తున్నాయి. అవి సైనిక స్థావరాలలో జవాన్లు ఉదయం పరుగెత్తిన దారులు. ఎవరూ రహస్యం చెప్పలేదు. ఆరోగ్యం కోసం పరుగెత్తారు, అంతే.

చిన్న ముక్కలు కలిస్తే పెద్ద బొమ్మ తయారవుతుందన్నది దీని సారం. ఒకడు ఓడ బయలుదేరే తేది వ్రాస్తాడు. మరొకడు ఫొటో పెడతాడు, వెనుక జెట్టీ కనబడుతుంది. మూడవవాడు చేతి గడియారంతో పరుగెత్తుతాడు. ఏ ఒక్కరూ రహస్యం చెప్పలేదు. ముగ్గురూ కలిసి చెప్పారు.

నియమం 5: అనుమతి లేకుండా “పరీక్షించి చూద్దాం” అనరాదు.

1988 నవంబరు 2న అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పైచదువు మొదటి సంవత్సరంలో ఉన్న ఒక విద్యార్థి, తనంతట తానే వ్యాపించే ఒక ప్రోగ్రామును ఇంటర్నెట్‌లోకి వదిలాడు. నాశనం చేయాలన్నది అతని ఉద్దేశం కాదు. కాని అది అనుకున్నదానికన్నా వేగంగా పెరిగి వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. 1990లో కోర్టు అతనికి మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, జరిమానా విధించింది. తెలివి ఉండటం నేరం కాదు. ఆ తెలివిని ఇతరుల యంత్రంపై అడగకుండా ప్రయోగించడం నేరం.

నియమం 6: ఇతరుల పనిని మీదిగా సమర్పించరాదు, అధికారిక పత్రాన్ని బయటి ప్రోగ్రాముకు ఇవ్వరాదు.

నేడు ప్రశ్న అడిగితే వ్యాసం వ్రాసి ఇచ్చే కృత్రిమ మేధ ప్రోగ్రాములు ఉన్నాయి. వాటితో వ్రాయించి తనదని ఇచ్చేవాడు రేపు పటం చదవవలసిన చోట ఎవరిని అడుగుతాడు? రెండవ ప్రమాదం కూడా ఉన్నది. ప్రశ్నతోపాటు మీరిచ్చే పత్రం ఎక్కడో దూరాన ఉన్న ఇతరుల కంప్యూటరుకు చేరుతుంది. 2025లో కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖ కూడా కార్యాలయ కంప్యూటర్లలో ఇటువంటివి వాడవద్దని తన ఉద్యోగులకు సూచించింది.

నియమం 7: పొరపాటు జరిగితే వెంటనే చెప్పాలి.

ఇది చివర వ్రాసినా, అన్నిటికన్నా ముఖ్యమైనది. తెలియని లింకు నొక్కారు, పెన్‌డ్రైవ్ పెట్టారు, ముక్కూ మొహం తెలియనివారితో మాట్లాడారు. అప్పుడే చెబితే ఒక యంత్రాన్ని విడదీస్తే సరిపోవచ్చు. మీకు శిక్ష పడినా అది చిన్నది. వారం తరువాత తెలిస్తే నెట్‌వర్కు అంతా వెతకాలి. ఈలోగా మిమ్మల్ని బెదిరించేవాడు బలపడతాడు. పాము కరిచినవాడు సిగ్గుపడి దాచుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 17.2

1. పై తరగతి విద్యార్థి పాస్‌వర్డ్ అడిగితే ఏమి చేయాలి?
2. స్ట్రావా పటంలో పేర్లు లేకపోయినా సైనిక స్థావరాలు ఎలా బయటపడ్డాయి?
3. పొరపాటును వెంటనే చెప్పడం వల్ల కలిగే ఒక లాభం వ్రాయండి.

17.5 ఇది స్వేచ్ఛను హరించడం కాదా?

ఈ ప్రశ్న మీకు కలిగితే మంచిదే. మాట్లాడే స్వేచ్ఛ మన రాజ్యాంగం ఇచ్చిన హక్కు. అయితే సాయుధ దళాల వారికి ప్రాథమిక హక్కులు ఎంతవరకు వర్తించాలో నిర్ణయించే అధికారాన్ని 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది.

2020లో 89 యాప్‌ల ఉత్తర్వును సైన్యంలోని ఒక అధికారి ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశారు. దూరంగా ఉన్న కుటుంబంతో, మిత్రులతో సంబంధాలకు ఫేస్‌బుక్ అవసరమని వాదించారు. ఇది తేలికగా తీసివేయదగిన వాదన కాదు. దీవులలో బిడ్డను దూరం పంపిన ప్రతి తల్లికీ ఆ బాధ తెలుసు. అయినా దేశ భద్రతను దృష్టిలో పెట్టుకొని హైకోర్టు 2020 ఆగస్టు 5న ఆ పిటిషన్‌ను కొట్టివేసింది.

నియమం పెట్టడంతో అధికారుల బాధ్యత తీరిపోదు. ఇంటికి ఉత్తరం వ్రాయడానికి, నిర్ణీత సమయంలో ఫోను చేయడానికి సరైన దారి చూపాలి. సరైన దారి లేనిచోట దొంగదారి పుడుతుంది.

17.6 చట్టాలు ఏమంటున్నాయి?

అధికార రహస్యాల చట్టం, 1923: నిషిద్ధ స్థలాల పటాలు, వివరాలు శత్రువుకు ఉపయోగపడేలా సేకరించడం, అందించడం నేరం. సైనిక విషయాలలో గూఢచర్యానికి 14 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు.

సమాచార సాంకేతిక చట్టం, 2000: ఇది 2000 అక్టోబరు 17 నుండి అమలులోకి వచ్చింది, 2008లో సవరణ జరిగింది. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులోకి దురుద్దేశంతో ప్రవేశించినా, వైరస్ చొప్పించినా 66వ సెక్షను క్రింద మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసంతో వాడుకోవడం 66సి క్రింద నేరం. దేశ భద్రతకు ముప్పు తెచ్చే సైబర్ ఉగ్రవాదానికి 66ఎఫ్ క్రింద యావజ్జీవ శిక్ష కూడా పడవచ్చు.

ఈ చట్టాలు సైనికులకే కాదు, మీకూ, నాకూ వర్తిస్తాయి.

17.7 ఇంటివారి బాధ్యత

శిక్షణార్థి ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఇంటివారు తెలియక బయట పెడితే ఫలితం ఉండదు. ఈ సంభాషణ చదవండి. క్యాంప్‌బెల్ బేలోని ఒక తల్లి, నౌకాదళ అకాడమీలో చదువుతున్న కొడుకుతో ఫోనులో మాట్లాడుతున్నది.

తల్లి: ఏరా నాయనా, సముద్రం మీదికి తీసుకెళ్తారన్నావు, ఎప్పుడురా?
కొడుకు: అది ఫోన్లో చెప్పకూడదమ్మా. తిరిగొచ్చాక నేనే చేస్తాను కదా.
తల్లి: కన్నతల్లికి కూడా చెప్పకూడదా?
కొడుకు: నీ మీద నమ్మకం లేక కాదమ్మా. నువ్వు పిన్నికి చెప్తావు, పిన్ని పక్కింటివాళ్లకి చెప్తుంది. ఇంకో మాట. చెల్లి ఫేస్‌బుక్‌లో పెట్టిన నా ఫొటో తీసెయ్యమను.
తల్లి: అందులో నువ్వూ, నీ స్నేహితులే కదరా ఉన్నది?
కొడుకు: చూసేవాడు మమ్మల్ని చూడడమ్మా. మా వెనకాల ఏముందో చూస్తాడు.

దీని నుండి మీరు గ్రహించవలసినవి:

● ప్రయాణపు తేదీలు, ఓడ పేరు, పనిచేసే చోటు నలుగురిలో చెప్పకండి.
● దుస్తులపై ఉన్న గుర్తులు, వెనుక కట్టడాలు కనిపించే ఫొటోలు పెట్టకండి.
● “మీ అబ్బాయి స్నేహితురాలిని”, “పై అధికారి కార్యాలయం నుండి” అంటూ కొత్తవారు ఫోను చేస్తే వివరాలు ఇవ్వకండి. మీ బిడ్డ ఇచ్చిన నంబరుకు మీరే ఫోను చేసి నిర్ధారించుకోండి.
● డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి.
● అన్నిటికన్నా ముఖ్యంగా, “పొరపాటు జరిగితే నాకు చెప్పు, నేను తిట్టను” అని మీ బిడ్డకు ముందే చెప్పండి. ఇంట్లో చెప్పుకోగలిగినవాడు పై అధికారికీ చెప్పుకోగలుగుతాడు.

కృత్యం: మీ ఫోనులో ఉన్న ఏవైనా ఐదు ఫొటోలు తీసి చూడండి. ఒక్కొక్క దానిలో మనుషులను వదిలి, వెనుక ఏమి కనబడుతున్నదో కాగితంపై వ్రాయండి. ఊరు, వీధి, సమయం, వాహనపు నంబరు – వీటిలో ఎన్ని తెలిశాయో లెక్కించండి.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 17.3

1. సాయుధ దళాల వారి ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారం ఏ అధికరణం ఇస్తున్నది?
2. కొడుకు ఫొటోను తీసివేయమని ఎందుకు కోరాడు?

17.8 మీరు నేర్చుకున్నది

● అనుభవం లేని కొత్తవారినే శత్రువు ముందుగా వెతుకుతాడు. అందుకే మొదటి సంవత్సరంలో కట్టుబాట్లు అవసరం.
● రహస్యం చాలావరకు చిన్న చిన్న ముక్కలుగా బయటికి వెళుతుంది.
● పాస్‌వర్డ్, పెన్‌డ్రైవ్, నెట్‌వర్కు, ఫొటో – ప్రతి నియమం వెనుక ఒక కారణం ఉన్నది.
● పొరపాటు కన్నా దానిని దాచడం ఎక్కువ ప్రమాదం.
● ఈ క్రమశిక్షణలో ఇంటివారికీ భాగం ఉన్నది.

17.9 పాఠాంత ప్రశ్నలు

1. “ఏ ఒక్కరూ రహస్యం చెప్పలేదు, ముగ్గురూ కలిసి చెప్పారు.” ఈ మాటను మీ సొంత ఉదాహరణతో వివరించండి.
2. సముద్రగర్భ కేబుల్ వల్ల దీవులకు కలిగిన మేలు, పెరిగిన జాగ్రత్త అవసరం గురించి పది వాక్యాలు వ్రాయండి.
3. సైనికులకు ఫేస్‌బుక్ నిషేధించడం సబబేనా? రెండు వైపుల వాదనలూ వ్రాసి, మీ అభిప్రాయం తెలపండి.
4. అకాడమీకి వెళుతున్న మీ తమ్మునికి లేదా చెల్లెలికి కంప్యూటరు జాగ్రత్తలు చెబుతూ ఒక ఉత్తరం వ్రాయండి.

17.10 పాఠ్యాంతర్గత ప్రశ్నలకు జవాబులు

17.1: 1. 2001. 2. 2020 ఆగస్టు 10న. 3. స్థావరాలలో, ఓడలలో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్ వంటి మాధ్యమాలను.

17.2: 1. ఉత్తర్వు ప్రకారం ఇవ్వకూడదని మర్యాదగా చెప్పాలి. 2. ఊరు లేని చోట్ల పరుగెత్తిన దారులు వెలుగు గీతలుగా కనిపించడం వల్ల. 3. నష్టం ఒక యంత్రంతోనే ఆగిపోవచ్చు. (బెదిరించేవానికి బలం ఉండదు అని వ్రాసినా సరైనదే.)

17.3: 1. 33వ అధికరణం. 2. ఫొటోలో వెనుక ఉన్నవాటిని బట్టి చోటు తెలిసిపోతుంది కనుక.